నేను తిప్పేసిన ఫోటో

మా ఆఫీసులో కంప్యూటర్‌కి ఎడమపక్కన మౌస్ ఉండే టేబుల్ ఒక్కటే. అది నాది. నేను సెలవు పెట్టిన రోజున నా సీట్లో కూర్చున్నవాళ్లు దాన్ని కుడిపక్కకి లాక్కుంటారు, మర్నాడు నేను వచ్చి మళ్లీ ఎడమకి లాక్కుంటాను. ఈ పోరాటంలో ఆ వైరు ఇప్పటికి రెండుసార్లు తెగింది. చిక్కడపల్లిలో ఒక పాత బిల్డింగ్ రెండో అంతస్తులో ఉంటుంది మా పేపర్ ఆఫీసు. కింద మిఠాయి దుకాణం. పేజీ కుదరక మేము తల పట్టుకుని కూర్చున్న సమయానికే కింద నుంచి నేతి వాసన పైకొస్తుంది. నేను సిటీ పేజీలు చేస్తాను. వార్తలు వేరేవాళ్లు రాస్తారు, ఫోటోలు వేరేవాళ్లు తీస్తారు, ఏ వార్త ఎక్కడ రావాలి, ఏ ఫోటో ఎంత రావాలి అన్నది నా పని.

ఎడమచేతివాటం నాకు పుట్టుకతో వచ్చింది. చిన్నప్పుడు అన్నం పెట్టేముందు మా అమ్మ తన పాత చీర పీలికతో నా ఎడమచేతిని నా నడుముకి కట్టేసేది. కొట్టేది మాత్రం కాదు, పాపం. చెయ్యి కట్టేసి, నేను ఏడుస్తుంటే చూడలేక ముద్దలు తనే కలిపి పెట్టేది. దాంతో నాకు కుడిచేత్తో తినడం రాలేదు, అమ్మ చేత్తో తినడం వచ్చింది. ఇప్పటికీ పెళ్లిళ్లకి వెళ్తే కుడిచేత్తోనే తింటాను, సగం ఆకులో, సగం ఒళ్లో. అరకడుపుతో ఇంటికొచ్చి, తలుపేసుకుని, ఎడమచేత్తో పెరుగన్నం తింటాను. నాకు నలభై దాటాయి. ఆఫీసులో ఎవరితోనైనా పోట్లాడగలను గానీ, నలుగురిలో ఎడమచేత్తో ముద్ద నోట్లో పెట్టుకోలేను. నా చేతికి సంబంధించినంతవరకు నాకింకా ఆరేళ్లే.

రోజూ సాయంత్రం నాలుగయ్యేసరికి నా మెయిల్ నిండా ఫోటోలు. ఒక శాలువా, పన్నెండు మంది. కప్పించుకుంటున్న మనిషి కనిపించడు, చుట్టూ చేతులే కనిపిస్తాయి. ఒక మొక్క, ఇరవై చేతులు. ఆ మొక్క ఊపిరాడక అక్కడే ప్రాణం విడిచి ఉంటుందని నా అనుమానం. ఇన్నేళ్లలో నేను కనిపెట్టిన సత్యం ఒకటుంది. గుంపు ఫోటోలో ఆ చివర అంచున నిలబడి, మెడ సాచి, కెమెరాని వెతుక్కుంటున్నవాడే ఆ ఫోటో పంపినవాడు. కోతలో మొదట పోయేదీ ఆయనే, మర్నాడు పొద్దున ఫోన్ చేసేదీ ఆయనే.

"మేడమ్, పేపర్ల నా ముఖం సగమే వచ్చింది."

"సగమన్న వచ్చింది గదన్నా, నీ పక్కాయనది అసలే రాలే" అంటాను. కొందరు అంతటితో సంతోషపడతారు కూడా.

అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు చూసినప్పుడల్లా నా చెయ్యి దురద పెడుతుంది. ఒక్క ఫ్లెక్సీ మీద రెండొందల ముఖాలు, ఒక్కొక్కటి పోస్టల్ స్టాంపంత. కన్నతల్లి వచ్చి వెతుక్కున్నా బిడ్డ దొరకడు. అందులోంచి ఒక్క ముఖం తీసి నిలువెత్తున పెట్టి, మిగతావాళ్ల పేర్లు కింద రాస్తే చాలు, ఆ ఒక్కరి సంతోషంలో అందరూ కనిపిస్తారు. ఈ సలహా ఒక సెంటర్ ఆయనకి ఉచితంగా ఇచ్చాను కూడా. "మిగిలిన నూట తొంబై తొమ్మిది మంది వచ్చి నన్ను తంతరు మేడమ్" అన్నాడు. అదీ నిజమే. నేనైతే ఆఫీసులో ఏసీ కింద కూర్చుంటాను, నన్నెవరు తంతారు?

నాకు ఈ పని నేర్పింది మా ఇన్‌ఛార్జ్ సార్. ఆయన సూత్రాలు కొన్నే, కానీ అవి వేదాలు. ఐదు చిన్న ఫోటోలకంటే ఒక్క పెద్ద ఫోటో మేలు. మనిషిని కొయ్యాల్సివస్తే మోకాలి దగ్గరో మణికట్టు దగ్గరో కొయ్యొద్దు, అవిటివాడిలా కనిపిస్తాడు. అన్నిటికంటే ముఖ్యమైనది: ఫోటోలో మనిషి చూపు పేజీ లోపలికి ఉండాలి. నేను చేరిన కొత్తలో ఎందుకు సార్ అని అడిగాను.

"ఇంటికొచ్చిన చుట్టం తలుపు దిక్కే చూసుకుంట కూసుంటే ఎట్లుంటది? ఎప్పుడు వోదామా అన్నట్టు ఉంటది. గట్లనే. ఫోటోల మనిషి ఎటు చూస్తే చదివేటోడు గూడ అటే చూస్తడు. బయటికి చూసిండనుకో, చదివేటోడు పేజీ ఇడిచిపెట్టి పోతడు."

మరి మనిషి బయటికే చూస్తుంటే? ఫోటోని పేజీలో అటుపక్కకి మార్చాలి. అటుపక్క అడ్వర్టయిజ్‌మెంట్ ఉంటే? అప్పుడే మేము చెయ్యకూడని పని చేస్తాం. ఫోటోని తిప్పేస్తాం. కంప్యూటర్లో ఒక్క నొక్కు, అద్దంలో చూసినట్టు ఎడమది కుడికి, కుడిది ఎడమకి వచ్చేస్తాయి. ఒక్కటే జాగ్రత్త, ఫోటోలో అక్షరాలుండకూడదు. బోర్డో బస్సు నంబరో ఉంటే అక్షరాలు తిరగబడి దొరికిపోతాం. అందుకని ముందు అక్షరాలు కోసెయ్యాలి, తర్వాత తిప్పాలి. ఈ పని నేను ఎన్నిసార్లు చేశానో నాకే తెలియదు. ఎవరూ పట్టుకోలేదు. పట్టుకోలేదు కాబట్టి తప్పు కాదనుకున్నాను.

ఇక మా ఫోటోగ్రాఫర్ అన్న. నాకు కత్తెరమ్మ అని పేరు పెట్టింది ఆయనే. పంపే ప్రతి ఫోటో కింద "క్రాప్ చెయ్యొద్దు" అని రాస్తాడు. మంత్రిగారి ఫోటో కిందా అదే, మురికికాలువ ఫోటో కిందా అదే. ప్రతిదాని కిందా ఉంటే ఇంకెవరు చూస్తారు? పులి వచ్చిందని రోజూ అరిచినట్టే. నేను చదవడం ఎప్పుడో మానేశాను.

అశోక్‌నగర్‌లో ఒక సందులో ఇడ్లీ బండి ఉంది. ఆ బండి అక్కది పాలమూరు వైపు పల్లె. భర్తతో కూలిపనికి వచ్చి, ఆ సందులోనే మూడు హాస్టల్ బిల్డింగులకి సిమెంటు తట్టలు మోసింది. ఇప్పుడు అవే బిల్డింగుల్లో ఉండి సర్కారు కొలువుల పరీక్షలకి చదివే పిల్లలకి ఇడ్లీ, ఉప్మా, జొన్నరొట్టె పెడుతోంది. తట్టలు మోసిన రోజుల అలవాటు పోలేదు, చీర మీద మగవాళ్ల ఫుల్‌చేతుల చొక్కా వేసుకుంటుంది. నేను దోమలగూడలో ఉంటాను. రెండురోజులకోసారి పొద్దున్నే వచ్చి పార్శిల్ కట్టించుకుని పోతాను.

"గింత దూరం వచ్చి పార్శిల్ ఏంది చెల్లె, గీడ నిలవడి తినరాదూ? ఇంటికి పొయ్యేసరికి సల్లగైతయ్" అనేది అక్క.

"ఇంట్ల పనుంది అక్కా" అనేదాన్ని. ఇంట్లో పనేమీ లేదు. తలుపుంది, అంతే.

ఆ బండికి ఆనుకునే ఒక పాత ఇల్లు. ఇంటి కింద దుకాణం పెట్టుకునే షట్టర్ ఒకటి ఖాళీగా ఉంది. అక్క ప్రాణమంతా ఆ షట్టర్ మీదే. వాన పడితే టార్పాలిన్ ఎగిరిపోయి సాంబార్‌లో నీళ్లు పడతాయి. పోలీసులొస్తే పొయ్యి ఆర్పకుండానే బండి నెట్టుకుంటూ పక్క సందులోకి పరుగు. షట్టర్ దొరికితే నీడ ఉంటుంది, నల్లా ఉంటుంది, పిల్లలు కూర్చోవడానికి బల్లలు వేయవచ్చు. ఇంటి ఓనరమ్మ పైనే ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగదు. పొద్దున్నే బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట కిందికి వదులుతుంది. బుట్టలో ఖాళీ గిన్నె ఉంటుంది, అక్క దాంట్లో ఇడ్లీలు పెడితే పైకి లాక్కుంటుంది. రెండేళ్లుగా ఇదే వ్యవహారం. పైనుంచి ఆమెకి కనిపించేది బండి మీద టార్పాలిన్ ఒక్కటే. షట్టర్ నీకే ఇస్తానని ఆమె అక్కకి మాటిచ్చింది. ఆ ధైర్యంతోనే అక్క ముందుగా బోర్డు రాయించేసుకుంది, పసుపు మీద ఎర్ర అక్షరాలతో. "వేడి వేడి ఇడ్లీ, ఉప్మా, జొన్నరొట్టె దొరుకును." షట్టర్ వచ్చేదాకా ఉండనీ అని బండి వెనక కట్టింది. ఆలు లేదు చూలు లేదు అన్నట్టుందని నేను ఎగతాళి చేస్తే, "సూడు చెల్లె, బోర్డు వచ్చింది, షట్టర్ దాని ఎంబడి అదే వస్తది" అని నవ్వింది.

పొద్దుటిపూట అశోక్‌నగర్ ఎలా ఉంటుందో మా పేపర్ ఒక పేజీ వేద్దామనుకుంది. ఫోటోగ్రాఫర్ అన్న తెల్లవారగానే వెళ్లి అక్క బండి దగ్గర అరగంట నిలబడ్డాడు, ఇడ్లీపాత్ర మూత తీసినప్పుడు లేచే ఆవిరి కోసం. ఫోటో వచ్చింది. బంగారంలాంటి ఫోటో. అక్క గరిటెతో సాంబార్ పోస్తోంది, ఎవరో పిలిస్తే ఎడమవైపు రోడ్డు మీదికి చూసి నవ్వుతోంది, చుట్టూ ఆవిరి, వెనక బోర్డు. మిగిలిన ఫోటోలన్నీ పక్కన పడేసి దీన్ని నాలుగు కాలమ్‌ల వెడల్పున పెట్టాలని చూడగానే అనుకున్నాను.

పేజీ తెరిస్తే కుడిపక్కంతా అడ్వర్టయిజ్‌మెంట్. ఫోటోకి ఎడమ అంచే మిగిలింది. ఎడమ అంచున పెడితే అక్క పేజీలోంచి బయటికి చూస్తోంది. ఏడున్నరకి పేజీ వెళ్లిపోవాలి. అలవాటైన చెయ్యి కదా. ముందు బోర్డు కోసేశాను. తర్వాత తిప్పేశాను. అక్క చూపు లోపలికి వచ్చేసింది, నేరుగా హెడ్డింగ్ మీదికి. సార్ నా వెనక నిలబడి, "ఇగో, గిదీ పేజీ అంటే" అన్నారు. ఆయన ఆ మాట ఏడాదికి రెండుసార్లు అంటారు. నేను మిఠాయి దుకాణంలో లడ్డూ కొనుక్కుని తింటూ ఇంటికి పోయాను.

గరిటె ఇప్పుడు ఎడమచేతిలోకి వచ్చిందని కాస్త పరికించి చూస్తే ఎవరైనా చెప్పేవారు, సార్ చూసింది పేజీనే. నేను ఆ ఫోటోని గంటసేపు చూశాను, నాకు కనిపించలేదు. నేను వంటింట్లో గరిటె పట్టుకునేది ఎడమచేత్తోనే. నా కంటికి అక్క అప్పుడే సరిగ్గా పట్టుకున్నట్టుంది.

మర్నాడు పొద్దున్నే బండి దగ్గరికి వెళ్లాను. పార్శిల్ కోసం అని పేరు, పొగడ్తల కోసం అని అసలు సంగతి. వెళ్లేసరికి ఫోటోగ్రాఫర్ అన్న అప్పటికే అక్కడున్నాడు, చేతిలో పేపర్, ముఖం కందగడ్డ.

"వచ్చినవా కత్తెరమ్మా? రా. సొక్కా జేబు ఎటుంటది?"

"ఎడమదిక్కు."

"మరి నీ పేపర్ల కుడిదిక్కు ఎందుకు వోయింది? ఫోటో తిప్పినవా లేదా?"

నేను నోరు తెరిచేలోపు అక్క మాట్లాడింది. కోపంగా అంటే బాగుండేది. నెమ్మదిగా అంది.

"చెల్లె, నాకు పేపర్ల వడాలని ఆశ లేకుండె. బోర్డు వస్తదంటే నిలవడ్డ. బోర్డు ఏది?"

అప్పుడు తెలిసింది, బోర్డు ఫోటోలో వస్తుందని అన్న ఆమెకి మాటిచ్చాడని. అందుకే "క్రాప్ చెయ్యొద్దు" అని ఈసారి నిజంగా రాశాడని. కానీ అసలు దెబ్బ అది కాదు. బండి పక్కన తాడు వేలాడుతోంది, తాడు చివర బుట్ట. బుట్టలో గిన్నె లేదు. మడతపెట్టిన మా పేపర్ ఉంది, మా పేజీ పైకి కనిపించేలా.

"పొద్దుగాల బుట్ట దిగితే గిన్నె అనుకున్న" అంది అక్క. "పైకెల్లి మొత్తుకున్నది ఓనరమ్మ. రెండేండ్ల సంది నాకు పుర్రచేత్తో వెట్టిన ఇడ్లీ తినిపిచ్చినవా, ఇగ నీ మొకం సూపియ్యకు అన్నది. షట్టర్ జిరాక్స్ దుకాణం పెట్టేటాయనకు ఇస్తదట. సాయంత్రం వచ్చి మాట తీసుకుంటడట ఆయన. నేను చెప్పిన, నాది పుర్రచెయ్యి గాదమ్మా అని. పేపర్ల ఉన్నది గదా అన్నది."

పేపర్‌లో ఉంది కదా. ఆ మాట నా గుండెలో గునపంలా దిగింది. ఇన్నేళ్లుగా ఆ నమ్మకం మీదే కదా నేను జీతం తీసుకుంటున్నది. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెయ్యకపోతే అక్క షట్టర్ పోతుంది, నా వల్ల పోతుంది.

ముందు సార్‌కి ఫోన్ చేశాను, రేపటి పేపర్‌లో సవరణ వేద్దామని. ఆయన ఎదురు ప్రశ్న వేశారు.

"ఏమని వేద్దాం? నిన్నటి ఫోటోలోని ఎడమచేతిని కుడిచెయ్యిగా చదువుకోగలరు అనా?"

"సార్, షట్టర్ పోతుంది సార్ ఆమెది."

"రేపొచ్చే సవరణ ఇయ్యాల సాయంత్రం ఎట్ల పనిజేస్తది? తప్పు చేసినోళ్లు పోయి చెప్పుకోవాలె. పో" అని పెట్టేశారు. కోపం వచ్చింది గానీ, ఆయన చెప్పింది సబబే.

నేనూ ఫోటోగ్రాఫర్ అన్నా మెట్లెక్కాం. పైన ఓనరమ్మ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి, మందపాటి అద్దాల కళ్లజోడు, మోకాళ్లకి నూనె వాసన. మేము పేపర్‌వాళ్లమని చెప్పగానే కూర్చోమంది. ఇంకా ఏమీ అడగకముందే నేను గడగడా చెప్పేశాను. ఫోటో తిప్పింది నేను, చూపు లోపలికి రావాలని తిప్పాను, అక్క ఎప్పుడూ కుడిచేత్తోనే వడ్డిస్తుంది.

ఆవిడ అంతా విని, "అంటే పేపర్ల వచ్చింది అబద్ధమని పేపరోళ్లే చెప్తున్రా?" అంది.

"అవును పెద్దమ్మా. నేనే చెప్తున్న."

"ఆమె కోసం చెప్తున్నవేమో. తినే బండి గదా, దోస్తానా ఉంటది."

"కిందికి రండి, మీ కండ్లతోని చూడండి" అన్నాడు అన్న.

"నేను దిగుతుంటే ఆమెకు తెల్వదా? నేను చూస్తున్న అంటే కుడిచేత్తోనే వెడ్తది. తెల్వకుంట దిగిన ఫోటోనే నిజం బిడ్డా."

ఆవిడ చెప్పింది తప్పేమీ కాదు, మా సార్ కూడా మంచి ఫోటో గురించి అదే చెబుతారు. అన్న ఫోన్ తీసి అసలు ఫోటో చూపించాడు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని చూసి పెదవి విరిచింది. "ఫోన్లల్ల ఏదంటే అది చేస్తరు. ముందుగాల తిప్పినమన్నరు, గిప్పుడు మల్ల తిప్పలేదని నాకేం తెలుసు?"

అప్పుడు నా బుర్ర పనిచేసింది. బోర్డు! నేను కోసిపారేసిన బోర్డు. అన్న చేతిలోంచి ఫోన్ లాక్కుని, వేళ్లతో ఫోటోని పెద్దది చేసి, బోర్డు మాత్రమే కనిపించేలా ఆవిడ ముందు పెట్టాను.

"పెద్దమ్మా, ఇది చదవండి."

ఆవిడ వేలు పెట్టి, ఫోన్ వెలుగుకి కళ్లు చికిలించుకుని, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ చదివింది. "వే...డి వే...డి ఇ...డ్లీ." దొరుకును దాకా చదివి తలెత్తింది. ఇప్పుడు నేను ఆ ఫోటోని తిప్పాను. ఎర్ర అక్షరాలన్నీ అటుది ఇటు అయ్యాయి. "ఇప్పుడు చదవండి."

"ఏం చదవాలె? ఇది ఏ భాష?"

"గిట్ల బోర్డు ఎవలన్న రాస్తరా?"

"ఎవడు రాస్తడు, పిచ్చోడా?"

"మరి అక్షరాలు సక్కగ ఉన్న ఫోటోల గరిటె ఏ చేతిలున్నది, చూడండి."

ఆవిడ చూసింది. ఫోన్ దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది, తన కుడిచెయ్యి గాల్లోకి ఎత్తి పోల్చుకుని చూసింది. చివరికి "కుడిదే" అంది. "అయ్యో, పొద్దుపొద్దుగాల ఆ పిల్లను నోటికొచ్చినట్టు తిడితి గదా." తర్వాత నా వైపు తిరిగి, "గా బోర్డు మంచిగ కనవడుతుంటే ఎందుకు కోసినవ్ బిడ్డా? గదుంటే ఈ పంచాయతే లేకపోవు" అంది. పాతికేళ్లుగా పేజీలు చేస్తున్నదాన్ని, ఒక ఫోటోలో ఏది ఉంచాలో ఆ పెద్దావిడ చేత చెప్పించుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

చాయ్ ఇచ్చింది. గండం గడిచిన సంతోషంలో నేను ఒళ్లు మరిచిపోయి కప్పు ఎడమచేత్తో అందుకున్నాను. ఆవిడ చూపు నా చేతి మీద ఆగిపోయింది.

"నువ్వు పుర్రచేతి దానివా?"

అన్న నా కాలు తొక్కాడు. నోరు మూసుకోమని. నేను మూసుకోలేదు. "అవును పెద్దమ్మా. మీరు రోజు పొద్దుగాల చదివే పేజీ ఈ చేత్తోనే చేస్త. ఇన్నేండ్ల సంది చదువుతున్రు గదా, ఏమన్న అయిందా?"

అక్క షట్టర్ నేనే చేజేతులా పోగొట్టానని భయపడ్డాను. ఆవిడ మెల్లగా, "అక్షరాలకు ఎంగిలి లేదు బిడ్డా. అన్నానికి ఉన్నది" అంది. నా దగ్గర జవాబు ఉంది, నాలుక చివరనే ఉంది. మింగేశాను. ఆవిడే మళ్లీ, "తాగు తాగు, సల్లగైతది. ఏ చేత్తోనన్న తాగు" అంటూ బాల్కనీలోకి వెళ్లి, బుట్ట పైకి లాగి, అందులోంచి మా పేపర్ తీసి కుర్చీలో పడేసి, ఖాళీ గిన్నె పెట్టి కిందికి వదిలింది. కిందినుంచి అక్క సంతోషంతో వేసిన కేక రెండు సందులు దాటి వినిపించి ఉంటుంది.

మెట్లు దిగుతుంటే నాకు సిగ్గేసింది. అక్కని కాపాడాను, నిజమే. ఎలా కాపాడాను? ఆమె నాలాంటిది కాదని రుజువు చేసి. నిజంగానే ఆమెది నా చెయ్యే అయ్యుంటే ఏం చెప్పేదాన్ని? కిందికి రాగానే జరిగిందంతా అక్కకి చెప్పాను, ఇదీ చెప్పాను. ఆమె గరిటె పట్టుకుని నన్ను కిందికీ మీదికీ చూసింది.

"గందుకేనా రోజు పార్శిల్?"

తలూపాను.

"అయ్యో నా తల్లి! గిన్ని దినాలు నా ఇడ్లీలు సల్లగ తిన్నవా? నీ సంగతి సరే, పాపం ఇడ్లీలు ఏం తప్పు చేసినయ్?" అని పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

నేను పరిహారం చెల్లించుకున్నాను. నారాయణగూడలో ఒక స్టూడియోలో ఆ ఫోటోని పెద్దగా ప్రింట్ తీయించి, ఫ్రేమ్ కట్టించాను. ఈసారి కత్తెర లేదు, ఆవిరి మొత్తం ఉంది, బోర్డు మొత్తం ఉంది. ఫోటోగ్రాఫర్ అన్న స్టూడియోలో నా పక్కనే కాపలా నిలబడ్డాడు, ఒక్క అంచు పోయినా ఊరుకోనని. షట్టర్ మొదలుపెట్టిన పొద్దున ఫ్రేమ్ పట్టుకుని వెళ్లి, కుడిగోడకి మేకు కొట్టమన్నాను. అక్కడైతే ఆమె చూపు దుకాణం లోపలికి ఉంటుంది, సూత్రం ప్రకారం. అక్క అప్పటికే ఎడమగోడకి మేకు కొట్టించింది.

"అక్కా, గా గోడకైతే నువ్వు బయటికి చూస్తున్నట్టుంటది."

"మరి గిరాకీ యాడికెల్లి వస్తది చెల్లె? లోపటికెల్లా?"

ఆ మాట సార్‌కి చెప్పాను. ఆయన, "పేజీ వేరు, హోటల్ వేరు" అన్నారు. కానీ ఆ వారంలో ఒక ఫోటో తిప్పబోతుంటే, ఆగు అన్నారు.

షట్టర్ మొదలైన ఆ పొద్దున ఓనరమ్మ కూడా దిగింది. ఒక చేత్తో రెయిలింగ్, ఒక చేత్తో హాస్టల్ పిల్లవాడి భుజం పట్టుకుని, ఒక్కో మెట్టుకీ దేవుణ్ని తలుచుకుంటూ. ఆమెకి మొదటి ప్లేటు. రెండో ప్లేటు తీసుకొచ్చి అక్క నా ముందు పెట్టింది.

"గీడ తినాలె. పార్శిల్ బంద్."

చుట్టూ పాతికమంది పిల్లలు. ఎదురుగా ఓనరమ్మ. ఇడ్లీల మీద ఆవిరి. నేను కుడిచెయ్యి ప్లేటు దగ్గరికి తెచ్చాను, మళ్లీ వెనక్కి తీసుకున్నాను. ఎడమచేత్తో ఇడ్లీ తుంపి, చట్నీలో అద్ది, నోట్లో పెట్టుకున్నాను. వేడి. నాలుక కాలింది. ఇంత రుచిగా ఉంటాయా అనుకున్నాను, రెండేళ్లుగా తింటున్న ఇడ్లీలే. ఓనరమ్మ నన్ను చూసింది. ముఖం పక్కకి తిప్పుకుంటుందేమో అనుకున్నాను. తిప్పుకోలేదు. అక్కతో, "ఆమెకు ఇంకో రెండు వెయ్యి, మస్తు ఆకలి మీదున్నట్టున్నది" అంది.

అన్న ఎప్పుడు కెమెరా ఎత్తాడో నాకు తెలియదు. ఇంటికొచ్చాక ఫోన్‌లో ఫోటో వచ్చింది. నేను, నోట్లో ఇడ్లీ, ఎడమచెయ్యి చట్నీతో, నా వెనక షట్టర్ మీద ఎర్ర అక్షరాల బోర్డు. కింద ఆయన అలవాటు ప్రకారం "క్రాప్ చెయ్యొద్దు" అని రాసి, కొత్తగా ఇంకో మాట రాశాడు: "తిప్పొద్దు."

అలవాటైన వేలు ఊరుకుంటుందా? తిప్పి చూశాను. ఒక్క నొక్కుకి నాకు కుడిచెయ్యి వచ్చేసింది. చిన్నప్పుడు అమ్మ చీర పీలికతో కట్టి కట్టి తేలేకపోయిన కుడిచెయ్యి. ఎంత ముచ్చటగా, ఎంత పద్ధతిగా తింటున్నానో. కాసేపు చూసుకున్నాను, అబద్ధమెందుకు, నచ్చింది కూడా. కానీ వెనక అక్క బోర్డు తిరగబడిపోయింది, ఎర్ర అక్షరాలు ఏ భాషో తెలియకుండా పోయాయి. మళ్లీ నొక్కాను. బోర్డు సరిగ్గా వచ్చింది, నా చెయ్యి నాకు వచ్చింది.

ఆ ఫోటోని ఉన్నదున్నట్టు అమ్మకి పంపాను. ఆమె విద్యానగర్‌లో నా తోడబుట్టిన అక్క దగ్గర ఉంటుంది. పంపాక ఫోన్‌ని బోర్లించి దాని మీద దిండు పెట్టాను, ఆరేళ్ల పిల్లలా. చాలాసేపటికి అమ్మ ఫోన్ చేసింది.

"చూసిన" అంది.

"ఊ."

"నలుగుర్ల కూసోని తిన్నవ్."

"ఊ, అమ్మా."

తర్వాత అమ్మ అంది, "చట్నీ గంత తక్కువ ఏపిచ్చుకున్నవేందే? ఇంకింత అడగరాదూ."